ఎండ కరెంటుకి నా సంతకం

కోనసీమలో కొబ్బరిచెట్టు నీడని తిట్టుకున్న మనుషులెవరైనా ఉన్నారా అంటే, మేమున్నాం, మా పేటవాళ్ళం. ఊళ్ళోకి కరెంటు నేను కాపురానికి రాకముందే వచ్చింది. ఊరికీ మాకూ మధ్య ఉన్నది ఒక పంట కాలవ, దాని మీద రెండు తాటిదుంగల వంతెన, అది దాటితే ప్రెసిడెంటు గారి కొబ్బరితోట. స్తంభాలు కాలవ దాకా వచ్చి ఆగిపోయాయి. తీగ మా దాకా రావాలంటే తోట మీదుగా రావాలి, తోట మీదుగా రావాలంటే కాపు మీదున్న చెట్లు పదైనా కొట్టాలి. కాసే కొబ్బరిచెట్టుని మా వైపు ఎవరూ కొట్టరు. కన్నకొడుకు పెట్టకపోయినా కొబ్బరిచెట్టు అన్నం పెడుతుందంటారు. చెట్టు కొట్టమనడమంటే ఆ ఇంటి కొడుకు మీద కత్తి ఎత్తమన్నంత పని. అందుకని మా పెద్దలెవరూ ఆ మాట నోటి దాకా తెచ్చుకోలేదు. పోనీ గట్టు చుట్టూ తిప్పి తీగ లాగండి అంటే, స్తంభాలు ఎక్కువ పడతాయి, పైవాళ్ళు ఒప్పుకోరు అన్నారు. అలా డెబ్భైలు వెళ్ళిపోయాయి, ఎనభైలు వచ్చాయి. మేం ఊరి దీపాల్ని ఆకుల సందుల్లోంచి చూస్తూనే ఉన్నాం.

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పట్నుంచీ రాదు. మా అత్తగారు నన్ను కాలుగాలిన పిల్లి అనేవారు. తోటల కింద మాకు సాయంత్రం అయిదున్నరకే చీకటి పడేది. కాలవ అవతల ఇంకా పొద్దుండగానే ఇవతల లాంతరు చిమ్నీ తుడవాల్సి వచ్చేది. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. అక్కడ రోడ్డు మీద అర్ధరాత్రి సూది పడేసినా దొరుకుతుందని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని లాంతరు దగ్గరికి వంచి చదువుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా అత్తగారు పేటకి మంత్రసాని. పేటలో తిరిగే పిల్లల్లో సగానికి పైగా ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. కళ్ళకి పొర కమ్ముతున్నా "నాకు చేతులే కళ్ళు" అని బుకాయించేవారు. ఒక కాన్పులో బొడ్డు కోస్తుండగా లాంతరు పట్టుకున్న ఇల్లాలు భయపడి మొహం తిప్పేసుకుందట. దాంతో వెలుగు తప్పింది, బ్లేడు మా అత్తగారి వేలికి దిగింది. ఇంటికొచ్చి వేలికి గుడ్డ చుట్టుకుంటూ "నా ఏలు గాబట్టి సరిపోయిందే" అన్నారు. ఆవిడ వేలు కాకపోతే ఎవరి ఒళ్ళో నేను అడగలేదు. ఆ రోజు నుంచి పేటకి దీపం ఎలా వస్తుందన్నదే నా మనసులో తిరుగుతూ ఉండేది.

ఆ తరవాత పంచాయితీ ఎన్నికలొచ్చాయి. ఆడవాళ్ళకని ఉంచిన సీట్లలో ఒకటి పేటకి ఇద్దామని ఊరి పెద్దలనుకున్నారు. పేట ఆడవాళ్ళలో పదో తరగతి చదివింది నేనొక్కదాన్నే. ప్రెసిడెంటు గారు తాటిదుంగల మీద పంచె ఎగ్గట్టుకుని నడుచుకుంటూ స్వయంగా మా గుమ్మంలోకి వచ్చారు. మా అత్తగారిని జీవితమంతా "ఏమే" అని పిలిచిన మనిషి నన్ను "మీరు" అన్నారు.

"మీలాంటి చదువుకున్నవాళ్ళు పంచాయితీలో ఉంటే మాకు మర్యాదండి" అన్నారు.

ఆ "మీరు" నాకు నచ్చింది. అబద్ధమెందుకు, చాలా నచ్చింది. పోటీ ఎవరూ చేయలేదు, మెంబర్నైపోయాను.

మొదటి మీటింగుకి గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే మగవాళ్ళు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నారు గానీ, నేను కూర్చున్నాక వాళ్ళెవరూ కూర్చోలేదు. ఒకాయన చుట్ట ఆర్పేసుకున్నాడు, ఒకాయన గోడకేసి చూస్తూ దగ్గాడు. మాటలే సాగలేదు. నాకు వేడి పెనం మీద కూర్చున్నట్టయింది. చివర్లో ప్రెసిడెంటు గారు దగ్గరికొచ్చి మెత్తగా చెప్పారు.

"ఎండన పడి ఇంత దూరం మీకెందుకండీ శ్రమ. ఆవిడక్కూడా పుస్తకం ఇంటికే పంపిస్తన్నాం. మీకూ పంపిస్తాం."

ఆవిడంటే రెండో ఆడమెంబరు, ఊళ్ళో పెద్దింటి ఆవిడ. ఆవిడకి జరిగే మర్యాదే నాకూ జరుగుతుందంటే నేను పొంగిపోయాను. అప్పట్నుంచీ నెలకోసారి పంచాయితీ బంట్రోతు తీర్మానాల పుస్తకం గుడ్డలో చుట్టుకుని తెచ్చేవాడు. ఆ పుస్తకానికొక పద్ధతి ఉంది. పేజీ పైన ఖాళీ వదిలి, కింద ముందు అందరి చేతా సంతకాలు పెట్టించేస్తారు. గుమస్తా తరవాత తీరిగ్గా కూర్చుని పైన రాసుకుంటాడు. రోడ్డుకి గ్రావెలు, బావికి గిలక, పశువుల దొడ్డికి తలుపు, ఇలాంటివే కదా ఉండేవి, ఎవరూ అభ్యంతరం చెప్పేవాళ్ళు కాదు. నేనూ పెట్టేదాన్ని. ఒకరిద్దరు మెంబర్లు వేలిముద్ర వేసిన చోట నా సంతకం పొందిగ్గా, తలకట్లతో సహా కనిపిస్తుంటే గర్వంగా కూడా ఉండేది.

అలా ఉండగా ఒక వేసంగిలో కాకినాడ నుంచి జీపులో ఇంజినీరొకాయన వచ్చాడు. కరెంటు రాని పేటలకి ఎండతో దీపాలు పెట్టే స్కీము వచ్చిందన్నాడు. అద్దం పలకలు పెడతారు, పగలంతా ఎండ వాటి మీద పడి బ్యాటరీల్లోకి వెళుతుంది, పొద్దుపోయాక వీధిదీపాలు వెలుగుతాయి, చర్చి దగ్గరొకటీ కాన్పులకి పనికొచ్చే గదికొకటీ లోపలి దీపాలు కూడా ఇస్తాం అన్నాడు. మా అత్తగారు ఆయన్ని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు, లోపలి దీపం కూడానా అని. మా వాళ్ళు దానికి అప్పటికప్పుడే ఎండ కరెంటని పేరు పెట్టేశారు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. పలకలు పెట్టడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ పడని చోటు కావాలి. కోనసీమలో నీడ పడని చోటు! ఆ రోజంతా ఇంజినీరు వెనకాల పేటంతా తిరిగింది. ఎండ కోసం వచ్చిన మనిషి గొడుగేసుకుని తిరుగుతున్నాడని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఆయన ఒక కర్ర పాతి గడియారం చూసుకుంటూ కూర్చునేవాడు. చర్చి వాకిట్లో పదింటికల్లా తోట నీడ వచ్చి కర్రని మింగేసింది. బడి దగ్గర పొద్దున్న బాగానే ఉంది గానీ రెండింటికి అయిపోయింది. చెరువు గట్టు మీద ఎక్కడ పాతినా ఏదో ఒక మట్ట వచ్చి అడ్డం పడింది. మా నీడలు మాకు ఇంత పగవాళ్ళని మాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికి తేలింది, నీడ లేనిది ఒక్కటే చోటు. మా సమాధుల తోట. తోటని పేరే గానీ అందులో ఒక్క చెట్టు లేదు. సమాధుల మధ్య కాసిన కాయ మావాళ్ళెవరూ నోట పెట్టరు, అందుకని అక్కడ తాతల నాటినుంచీ ఎవరూ మొక్క పాతలేదు. తూర్పు సగం ఇంకా ఖాళీగానే ఉంది. ఇంజినీరు అక్కడ కర్ర పాతి, చుట్టూ చూసి, మొదటిసారి గొడుగు ముడిచాడు.

"ఇది సరిగ్గా సరిపోద్దండి" అన్నాడు. "మీ సంఘం ఒప్పుకోవాలి, పంచాయితీ తీర్మానం చేసి పంపాలి. ఈ ఏడాది వెళ్ళేలోగా ఎక్కడో ఒక చోట వెలిగించి చూపించాలండి మేము."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే సంఘం కూర్చుంది. గలాటా అంత తేలిగ్గా తెగలేదు. చచ్చినవాళ్ళ మధ్య ఇనుపస్తంభాలేమిటని కొందరన్నారు, పునరుత్థానం నాడు అడ్డం కాదా అని ఒకరన్నారు. అందరికంటే గట్టిగా అడ్డుపడ్డది ఒక పెద్దాయన. నాకు వరసకి మావయ్య. వయసులో ఉన్నప్పుడు ప్రెసిడెంటు గారి తోటలో దింపు తీసేవాడు, చెట్టెక్కి కాయ దించడంలో ఆయన్ని మించినవాడు లేడంటారు. ముసలితనంలో ఆయనకి పేటలో ఒక గౌరవం ఉండేది. చర్చి పెట్రోమాక్సు దీపం వెలిగించేది ఆయనే. మేంటిల్ కట్టడం, పంపు కొట్టడం, సన్నగా బుస్సుమనేదాకా చూసి కొక్కేనికి తగిలించడం, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెళ్ళయినా క్రిస్మసయినా ముందు ఆయన రావాలి. ఆయన భార్య సమాధి ఆ తూర్పు సగం అంచునే ఉంది.

"ఆదివారం ఆదివారం ఎల్లి దాని మీద గడ్డి పీకుతున్నాను. అద్దాలేసేస్తే నేనెక్కడ కూకోను?" అన్నాడు.

మా అత్తగారు లేచారు. ఆయన్ని అన్నా అనేవారు.

"అన్నా, పోయినోళ్ళు ఎండనేం చేసుకుంటారు? ఆళ్ళకి అక్కర్లేని ఎండ బతికున్నోళ్ళకి ఎలుగిస్తాదంటే, వదినె కాదంటాదా?"

ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"కాదందు. బతికున్నప్పుడూ దేన్నీ కాదనలేదది" అన్నాడు.

అంతే, అందరూ సరే అన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ సాయంత్రమే నేను ప్రెసిడెంటు గారింటికి వెళ్ళి అరుగు కింద నిలబడి సంఘం ఒప్పుకుందని చెప్పాను. "ఆయ్, శుభం. తీర్మానం రాయించేద్దామండి" అన్నారాయన.

ఇక నా అవస్థ చూడాలి. రోజూ కాలవ గట్టు దాకా వెళ్ళి బంట్రోతు వస్తున్నాడేమో చూసేదాన్ని. అన్నం వండుతూ మధ్యలో లేచి గుమ్మంలోకి వచ్చేదాన్ని, ఈలోగా అన్నం మాడేది. ఊరికే ఇంట్లో వస్తువులన్నీ ఒకచోట నుంచి ఇంకోచోటికి సర్దేదాన్ని. మా ముందుగదినే కాన్పుల గది చేద్దామనుకున్నాం. అందులో దీపం ఎక్కడ వేలాడదీయాలో మా అత్తగారు వేలు పెట్టి చూపిస్తే అక్కడ మేకు కొట్టి పెట్టాను. "తీర్మానం ఎప్పుడో రాసుంటారే, నువ్వు కాస్త కూకో" అనేవారు ఆవిడ. నావల్ల కాలేదు.

బంట్రోతు వచ్చిన రోజు నేను పెరట్లో రొయ్యలు వలుస్తున్నాను. చేతులు రెండూ మోచేతుల దాకా తడి.

"అమ్మగారూ, ఎండ కరెంటు తీర్మానమండి" అన్నాడు.

నేను లేచిన తీరుకి బుట్ట బోర్లాపడబోయింది. చేతులు చీరకి తుడుచుకున్నానో లేదో కూడా గుర్తులేదు. అతను పుస్తకం తెరిచి పట్టుకున్నాడు, పైన ఖాళీ, కింద అప్పటికే నాలుగో అయిదో సంతకాలున్నాయి. కలం అందుకుని పెట్టేశాను. పైన ఏం రాస్తారని అడగలేదు. ఖాళీ ఎందుకుందని అడగలేదు. నా చేతి తడి కాగితానికి అంటుకుంటే అతనే తన తుండుగుడ్డతో అద్దాడు. అతను వెళ్ళాక నేను పేటంతా తిరిగి, సంతకం అయిపోయింది, ఇక పలకలు రావడమే తరువాయి అని చెప్పొచ్చాను.

పలకలు వచ్చాయి. నెలన్నర తరవాత లారీలో. కాలవ అవతలే ఆగాయి. మేం వంతెన మీద నిలబడి, దించి ఎత్తుకొస్తారని చూస్తున్నాం. వాళ్ళు వాటిని పంచాయితీ ఆఫీసు డాబా మీదకి ఎక్కించారు. దీపపు స్తంభాలు కరెంటు స్తంభాల పక్కనే, ప్రెసిడెంటు గారి వీధిలో పాతారు. మేస్త్రీని అడిగితే, మాకు రాసిచ్చిన చోటు ఇదేనండి అన్నాడు.

నేను ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్ళాను. దారి పొడవునా కాళ్ళు నా మాట వినలేదు, పరుగో నడకో తెలియని నడక. ప్రెసిడెంటు గారు నన్ను చూసి లేచారు.

"ఆయ్, రండమ్మా, రండి. కుర్చీ ఎయ్యండ్రా. సోడా తెమ్మంటానుండండి."

"పుస్తకం చూస్తానండి" అన్నాను.

ఆయన కాదనలేదు. గుమస్తా పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. సమాధుల స్థలము ఇచ్చుటకు పేట వాస్తవ్యులు సమ్మతింపనందున, సదరు పేట మెంబరు వారి సమక్షమున చర్చించి, పరికరములను కార్యాలయపు డాబాపై నెలకొల్పుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. కింద నా సంతకం. తలకట్లతో సహా. పక్కన రొయ్యనీళ్ళ మరక.

"మేము ఒప్పుకున్నామని మీతో చెప్పేను కదండీ" అన్నాను.

"చెప్పేరండి. కాదనట్లేదు. మరి సమాధుల దగ్గర అద్దాలు పెడితే కాపలా ఎవరండీ? రేపు ఏ పశువో పడి పగిలితే మళ్ళీ మీకే మాట. ఇక్కడైతే డాబా, నీడ లేదు, భద్రం. కరెంటు పోయినప్పుడు ఊరందరికీ పనికొస్తాది. అటు ఇంజినీరు గారు తొందరపెట్టేస్తన్నారు."

"నేను మీటింగుకే రాలేదండి."

"సంతకముందిగా అమ్మా. సంతకముంటే వచ్చినట్టే కదండీ." కోపంగా అనలేదు. పిల్లకి పాఠం చెప్పినట్టు అన్నారు. "ఈసారి ఏ స్కీమొచ్చినా మొదటి పేరు మీ పేటదే. నా మాట."

సోడా వచ్చింది. గోళీ కొట్టి ఇచ్చారు. నేను ఆ సోడా తాగాను. వద్దంటే బాగుండదనిపించింది. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ కుదిపేది అది. అరవాల్సిన చోట, బల్ల మీద పుస్తకం విసరాల్సిన చోట, మర్యాదగా సోడా తాగి, "వస్తానండి" అని చెప్పి వచ్చాను.

పేటకి వచ్చేసరికి వంతెన దగ్గర అందరూ ఉన్నారు. "ఏమన్నారే?" అంది ఒకావిడ. "మనం స్థలం ఇవ్వలేదని రాసుందంట" అన్నాను. ఆ మాట నిజమే. సగం నిజం. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది.

"ఇవ్వట్లేదని ఎవరు చెప్పేరంట?" అన్నారు. నేను తెలియదన్నాను.

ఆ తరవాత రెండు రోజుల్లో పేట తనంతట తనే ఒక సమాధానం కనుక్కుంది. సంఘంలో అడ్డుపడ్డదెవరు? ప్రెసిడెంటు గారి తోటలో జీవితమంతా పనిచేసిందెవరు? ఇప్పటికీ పండక్కి ఆ ఇంటికెళ్ళి కొత్తపంచె తెచ్చుకునేదెవరు? మన ముందు సరే అని, వెనకాల వెళ్ళి, మా ఇంటిదాని దగ్గర పెట్టొద్దండి బాబూ అని కాళ్ళు పట్టుకునుంటాడు అన్నారు. ఎవరు మొదలెట్టారో తెలియదు. నేను మాత్రం కాదు. కానీ ఆపిందీ నేను కాదు.

పెద్దాయన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. తరవాతి ఆదివారం సాయంత్రం ప్రార్థనకి ఆయన వచ్చేసరికే పెట్రోమాక్సు ఇంకొకడి చేతిలో ఉంది. ఆయన చూసి, వెనక్కి వెళ్ళి గోడవార కూర్చున్నాడు. ఆ కొత్తవాడికి పంపు చేతకాక మేంటిల్ రాలిపోయింది. లాంతర్లతోనే ప్రార్థన కానిచ్చారు గానీ ఆయన్ని పిలవలేదు. మా అత్తగారు కూడా ఆయన్ని అన్నా అని పిలవడం మానేశారు. ఆ మాట ఆవిడ దగ్గర విన్నప్పుడల్లా, అంటే వినకపోయినప్పుడల్లా, నాకు అన్నం సయించేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటూ ఆవిడ ఆయన్ని ఆడిపోసుకుంటుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఎన్ని ఆదివారాలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో లేద్దామనుకునేదాన్ని. ఆరాధనలో ఎవరైనా లేచి తమ మీద దేవుడు చేసిన మేలూ తాము చేసిన తప్పూ చెప్పుకోవచ్చు. అది మా సంఘంలో అలవాటే. నేను కాళ్ళు కూడదీసుకునేసరికి ఇంకెవరో లేచేవారు, తరవాత పాట మొదలయ్యేది. పాట మొదలయినందుకు నాకు సంతోషంగా ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికే వెళ్ళాను. చూరు కింద కూర్చుని మోకుకి ముడులు బిగిస్తున్నాడు. చెట్టెక్కడం మానేసి ఎన్నేళ్ళయినా మోకులు పేనడం మానలేదు.

"మావయ్యా, అది నా సంతకం. ఖాళీ కాగితం మీద పెట్టేను. చదవలేదు" అన్నాను. ఇన్నాళ్ళూ కుక్కుకున్న మాట, ఒక్క గుక్కలో అయిపోయింది.

ఆయన తల ఎత్తలేదు. "తెలుసమ్మాయ్. బంట్రోతు చెప్పేడు."

"ఎప్పుడు?"

"లారీ వచ్చిన మర్నాడే."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

ఆయన మోకు పక్కన పెట్టాడు. "మన పేటలోంచి ఆ పుస్తకంలో సంతకం పెట్టేది నువ్వొక్కదానివే. నీ మీద మనోళ్ళకి నమ్మకం పోతే, ఈసారి ఎవురు నిలబడతారు? ఊళ్ళోవోళ్ళు, మీకు సీటెందుకంటారు. నాదేవుంది, ముసలోణ్ణి. దీపం ఎలిగించకపోతే చేతులకి మసి అంటదు, అంతే కదా."

"ఆదివారం చర్చిలో చెప్పేస్తాను."

"వొద్దు. చెప్పకు. ఎల్లి మీటింగులో కూకో. అందరూ నిలబడినా సరే, నువ్వు మాత్రం కూకో. సదివి పెట్టు."

అప్పుడు నాకు ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. హమ్మయ్య అనిపించింది. గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. ఇంటికి తిరిగొస్తూ ఎన్నాళ్ళకో మొదటిసారి నిదానంగా నడిచాను. ఆయన వద్దన్నాడు కదా, పెద్దవాళ్ళ మాట కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మీటింగులకి వెళ్ళాను, అది నిజం. మగవాళ్ళు లేచి నిలబడితే నిలబడనిచ్చాను. మూడో నెలకి వాళ్ళకీ కాళ్ళు నొప్పెట్టి కూర్చోవడం మొదలెట్టారు. పైన రాసి ఉంటేనే కింద పెట్టేదాన్ని, ఖాళీ ఉంటే "రాసేక పంపండి" అనేదాన్ని. గుమస్తా గొణుక్కునేవాడు. గట్టు మీదుగా స్తంభాల సంగతి ప్రతిసారీ ఎత్తి ఎత్తి విసిగించాను. అది తేలడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఇదంతా చేస్తున్నానన్న పేరు నాకు పేటలో బాగానే వచ్చింది. మా మెంబరమ్మ గట్టిది అనేవారు. ఆ మాట అన్నవాళ్ళ పక్కనుంచే పెద్దాయన తలవంచుకుని వెళ్ళేవాడు. ఎవరూ పలకరించేవారు కాదు. నేను పలకరించేదాన్ని, చుట్టూ ఎవరూ లేనప్పుడు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. డాబా మీది పలకలు మొదట్లో బాగా పనిచేశాయి, తరవాత బ్యాటరీలు పోయాయి. వాటి మీద ప్రెసిడెంటు గారి వీధివాళ్ళు వడియాలు ఎండబెట్టుకునేవారని విన్నాను.

పెద్దాయన వర్షాకాలం అయిపోతుండగా పోయాడు. జ్వరం, నాలుగు రోజులు. చూడ్డానికి వెళ్ళిన రెండు సార్లూ ఇంట్లో జనం ఉన్నారు. ఆయన నా కేసి చూశాడు, నేను గ్లాసుతో నీళ్ళు పట్టాను.

మధ్యాహ్నం మూడింటికి సమాధుల తోటకి తీసుకెళ్ళాం. భార్య పక్కన, ఖాళీగా ఉన్న ఆ తూర్పు సగంలో గొయ్యి తీశారు. అక్కడ తీసిన మొదటి గొయ్యి అదే. నీడ ఎక్కడా లేదు, నెత్తి మాడిపోతోంది. పాస్టరుగారు వాక్యం చదివి, పెట్టె దించాక మట్టి వెయ్యమన్నారు. ఒక్కొక్కరే వచ్చి మూడేసి గుప్పెళ్ళు వేసి పక్కకి తప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. వంగి మట్టి తీసుకున్నాను.

నా వెనకాల ఎవరో మెల్లగా అన్నాడు. "అద్దాలకి ఇవ్వనన్నాడు. ఆఖరికి ఆయనకే వచ్చింది చోటు."

పక్కవాడు నవ్వాపుకున్న చప్పుడు వినిపించింది. చావింట్లో కూడా అలాంటి మాటలు వస్తుంటాయి, వాళ్ళని అనడానికేం లేదు. వాళ్ళకి తెలిసిందే వాళ్ళన్నారు.

"ఆయన ఇవ్వననలేదు" అన్నాను. గట్టిగానే వచ్చింది. "ఆ పుస్తకంలో సంతకం పెట్టింది నేను. ఖాళీ కాగితం మీద పెట్టేను. ఆయనకి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు."

పాస్టరుగారు పుస్తకం మూసి పట్టుకుని నా కేసి చూశారు. మా అత్తగారు గొయ్యికి అవతల నిలబడి ఉన్నారు. అప్పటికి ఆవిడకి చూపు పోయి మనుషులు ఆనవాలుగా కూడా తెలియడం లేదు, నా గొంతు ఎటునుంచి వచ్చిందో అటు మొహం తిప్పారు. పెదాలు కదిలాయి, "అన్నా" అన్నట్టనిపించింది. తరవాత పైకి అన్నారు.

"ముందు మట్టెయ్యవే. ఎనకాల జనం నిలబడ్డారు."

గుప్పిట తెరిచాను. చెమటకి మట్టి ముద్దయిపోయింది, చేతికి అంటుకుని రాలేదు. రెండో చేత్తో గీకి వేశాను. మూడుసార్లు వెయ్యాల్సింది, ఒక్కసారే వేసి పక్కకి తప్పుకున్నాను.